ప్రాచీన సైనిక రైఫిలు: గొట్టమునకు తగిన గుండు

రైఫిలు గొట్టమునకు గుండును పొసగించుట యనగా, గుండు వ్యాసమును ఆ గొట్టపు లోవ్యాసమునకును, అందు చెక్కిన గాళ్ల లోతునకును, గుండు పోతపోసిన లోహపు మెత్తదనమునకును, దాని వెనుక మండెడి మందు స్వభావమునకును సరిపడునట్లు నిర్ణయించుట. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినను గుండు గురి తప్పును, లేదా గొట్టమున చిక్కుకొనును, లేదా గొట్టమే బ్రద్దలగును. పందొమ్మిదవ శతాబ్దపు ఆయుధశాస్త్ర చరిత్రలో అధికభాగము ఈ పొసగింపును సాధించుటకు జరిగిన యత్నముల చరిత్రయే. అంగుళములో కొన్ని సహస్రాంశముల తేడా భారతదేశ చరిత్ర గతిని సైతము తాకిన సందర్భమొకటి ఇందు కలదు.

రైఫిలు గొట్టమునకు వ్యాసములు రెండు. గొట్టమును తొలుత నున్నగా తొలిచినపుడు ఏర్పడెడిది మొదటిది. ఆపైని మెలికలు తిరుగుచు చెక్కిన గాళ్ల అడుగులనుండి కొలిచినది రెండవది. గాళ్ల నడుమ మిగిలిన గట్లు గుండును ఒరసికొని దానిని తిప్పును. గాళ్లు గుండు సీసముతో నిండినప్పుడే వెనుకటి వాయువు ముందునకు తప్పించుకొనకుండును. కావున గుండు గట్ల వ్యాసముకంటె చిన్నదై లోనికి సులభముగా దిగవలెను, పేలిన క్షణమున గాళ్ల వ్యాసమంత పెద్దది కావలెను. మూతినుండి నింపెడి తుపాకి సమస్య యంతయు ఈ రెండు విరుద్ధ కోరికల నడుమ ఇరికికొని యున్నది.

పూర్వము ఈ కొలతను అంగుళములలో గాక, పౌను సీసమునకు ఎన్ని గుండ్లు వచ్చునో ఆ సంఖ్యతో చెప్పెడివారు. ఇరువదినాలుగు గుండ్లు వచ్చెడి గొట్టము 0.579 అంగుళములు, ఇరువదియైదు వచ్చెడిది 0.571. బర్మింగుహాములో పరీక్షకు నిలిచిన ఎన్‌ఫీల్డు గొట్టములపై తరచుగా కనిపించెడి 25 అను అంకెకు అర్థమిదియే: ఇరువదియైదవ కొలత కడ్డీ దానిలో దిగును, ఇరువదినాలుగవది దిగదు. ఈ సంగతి యెరుగనివారు ఆ అంకెను తయారీ సంవత్సరముగనో, దళపు సంఖ్యగనో చదువుట కద్దు.

గాళ్లు లేని నునుపు గొట్టపు కాలమున ఈ బాధ లేదు. బ్రిటిషు పదాతులు వందేండ్లకు పైగా మోసిన బ్రౌన్ బెస్ తుపాకి లోవ్యాసము సుమారు 0.75 అంగుళము, దానిలో వేసెడి గుండు 0.69. ఇంత పెద్ద సందు వదలుటకు కారణము నల్లమందు మసి. పది పదునైదు తూటాలు కాల్చునప్పటికి గొట్టపు గోడలకు గట్టి పొర పట్టును. అప్పటికిని గుండు తన బరువుతో తాను జారిపోవలెనన్నచో మొదటనే ఖాళీ ఉండవలెను. ఆ ఖాళీకి మూల్యము గురి. నూరు గజములు దాటినచో నిలుచున్న మనిషికి గుండు తగులుట దైవాధీనము. గాళ్లుగల రైఫిలులో గుండు బిగువుగా నుండవలెను గనుక వేటగాండ్రు జిడ్డుపెట్టిన గుడ్డముక్కలో చుట్టి కష్టపడి కూరుచుండిరి. యుద్ధభూమిలో అంత తీరిక యెక్కడిది? 1830లనాటి బ్రున్స్‌విక్ రైఫిలునకు రెండు గాళ్లు, వానిలో పట్టుటకు గుండు చుట్టు ఒక పట్టీ పోసిరి. మసి పట్టిన పిమ్మట దానిని కూరుట బలవంతులకు సైతము శిక్షయయ్యెను.

ముడి విడిపోయినది ఫ్రాన్సులో. గుండు లోనికి వదులుగా దిగి, పేలినపుడు తానే ఉబ్బవలెనను ఊహను డెల్విన్యు, థువెనన్ మొదలగు సేనానులు పలువిధముల పరీక్షించిరి. ఇంగ్లండులో గ్రీనర్ అను తుపాకి తయారీదారుడు 1835 ప్రాంతముననే అట్టి గుండునొకదానిని సూచించియుండెను. 1849లో క్లోడ్ ఎతియెన్ మినియే రూపొందించిన గుండు కోలగా, వెనుక గుల్లగా నుండెను. ఆ గుల్లలో చిన్న ఇనుపగిన్నె. మందు పేలినపుడు ఆ గిన్నె గుల్లలోనికి చొచ్చుకొని మెత్తని సీసపు అంచులను వెలుపలికి తోసి గాళ్లకు హత్తించెడిది. బ్రిటిషు ప్రభుత్వము ఆ హక్కులకు ఇరువదివేల పౌనులు చెల్లించి 1851లో 0.702 అంగుళముల రైఫిలును చేపట్టెను. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ కర్మాగారమునందలి జేమ్స్ బర్టన్ ఇనుపగిన్నెను తీసివేసి, గుల్ల గోడలను పలుచన చేసినచో వాయువు ఒత్తిడియే చాలునని నిరూపించెను. నేడు మినియే గుండు అని సాధారణముగా చెప్పునది చాలవరకు బర్టన్ గుండే.

ఇక ఈ విషయమున అత్యంత బోధకమైన ఉదాహరణము 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు. దాని గొట్టము పొడవు 39 అంగుళములు, లోవ్యాసము 0.577, గాళ్లు మూడు, మెలి 78 అంగుళములకు ఒక చుట్టు. దానికొరకు చేసిన గుండు బరువు 530 గ్రెయినులు, అనగా మన లెక్కలో 34 గ్రాములు, వ్యాసము 0.568 అంగుళము. ఆ గుండు రూపకర్త రాబర్టు టేలర్ ప్రిచెట్ అను తుపాకి తయారీదారుడు. ఇతడు తరువాతి కాలమున చిత్రకారుడై, డార్విన్ సముద్రయాత్రా గ్రంథమునకు 1890లో వెలువడిన ముద్రణమునకు బొమ్మలు గీసినవాడు. అతని గుండు ప్రక్కలు నున్ననివి. అమెరికా గుండునకు వలె జిడ్డు నింపుటకు చుట్టుగీతలు లేవు. ఆ నున్నని ప్రక్కలను కప్పి గాళ్లలో పట్టునిచ్చునది, గొట్టమును తుడుచునది, జిడ్డును మోయునది యొక్కటే: తూటా కాగితము.

ఈ తూటాను చేతిలోనికి తీసికొని చూచినట్లు వర్ణించుట యవసరము, ఏలయన కథయంతయు దానిలోనే యున్నది. అది వ్రేలెడు పొడవుగల కాగితపు గొట్టము. ఒక కొన మెలిపెట్టి యుండును. ఆ వైపున మందు. రెండవ కొనలో గుండు తలక్రిందుగా, ముక్కు మందువైపునకును అడుగు బయటికిని తిరిగి, రెండు మూడు పొరల కాగితములో ఇమిడియుండును. గుండున్న ఆ కొనను మాత్రము కరిగించిన జిడ్డులో ముంచి తీయుదురు. సిపాయి మెలి కొనను పండ్లతో కొరికి మందును గొట్టములో పోసి, తూటాను తలక్రిందు చేసి, గుండున్న కొనను కాగితముతో సహా మూతిలో నిలిపి, పైనున్న ఖాళీ కాగితమును విరిచి పారవేసి, కడ్డీతో గుండును క్రిందికి దించెడివాడు. అనగా గొట్టములో దిగునది 0.568 అంగుళముల సీసము మాత్రమే కాదు. సీసము, కాగితము, జిడ్డు మూడును కలిసి ఒక గుండు. గుండునకు గొట్టమునకు నడుమ నున్న సందు 0.009 అంగుళము, ఇరుప్రక్కల కాగితపు మందము పోగా మిగిలినది దాదాపు శూన్యము. జిడ్డు లేనిచో ఆ గుండు దిగదు. జిడ్డు ఈ ఆయుధమునకు అలంకారము కాదు, అంగము.

ఆ జిడ్డు అయిదుపాళ్లు పశువుల కొవ్వు, ఒకపాలు తేనెమైనము. ఏ పశువు కొవ్వు వాడవలెనో, ఏది వాడరాదో నిర్దేశించు శ్రద్ధ అధికారులు వహింపలేదు. 1857 జనవరిలో కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ శిక్షణకేంద్రమున ఆవుకొవ్వు, పందికొవ్వు అను వదంతి పుట్టి దళమునుండి దళమునకు పాకెను. సిపాయిలు తమకు సమ్మతమైన కందెనను తామే తెచ్చి పూసికొనవచ్చునని ప్రభుత్వము వెంటనే అనుమతించెను. కాని అప్పటికి అనుమానము కొవ్వునుండి కాగితమునకు ప్రాకియుండెను, ఆ కాగితము మెరయుచున్నది కనుక అందును కొవ్వే కలదని బరాక్‌పూరు సిపాయిలు విచారణసంఘము ఎదుట పలికిరి. పండ్లకు బదులు వ్రేళ్లతో చించవచ్చునని కవాతు పద్ధతిని సైతము మార్చిరి. ఏప్రిల్ 24న మీరటులో అశ్వికదళమునకు ఇచ్చినవి పాతరకపు తూటాలే యైనను తొంబదిమందిలో ఎనుబదియైదుగురు వానిని ముట్టమనిరి; మే 10న తిరుగుబాటు చెలరేగెను. ఈ మహోద్యమమునకు కారణములు భూమిపన్నులలో, రాజ్యముల ఆక్రమణలో, సైనికుల జీతభత్యములలో లోతుగా నున్నవి. వానినన్నిటిని ఒక తూటాపై మోపుట చరిత్రకు అన్యాయము. కాని నిప్పురవ్వ అక్కడ పడినదనుట నిజము, ఆ రవ్వకు మూలము సందు చాలని గుండు.

ఆనాటి ఢిల్లీ ప్రజలు తిరుగుబాటు సిపాయిలను తిలంగాలని పిలిచిరి. కుంపిణీ సేనలో తొలినాళ్లలో చేరిన సిపాయిలలో తెలుగునాటివారు విస్తారముగ నుండుటచే ఉత్తరదేశమున సిపాయి యనగా తిలంగా యను వాడుక స్థిరపడెను. 1857 నాటికి ఆ పేరు మోసినవారు చాలవరకు అవధు, బీహారు ప్రాంతముల బ్రాహ్మణులు, రాజపుత్రులు. పేరు మాత్రము మనది.

యుద్ధములో ఎన్‌ఫీల్డు ఎదుర్కొన్న చిక్కు వేరొకటి. భారతదేశపు ఎండలో తూటాపెట్టెలలోని కొవ్వు కరిగి కాగితములోనికి ఇంకి, సీసముతో రసాయన వికారము చెంది, కందెన గుణమును కోల్పోవుచుండెను. అంతకుతోడు గుండ్లను ఒత్తెడి అచ్చులు అరిగి కొన్ని గుండ్లు నిర్ణీత వ్యాసముకంటె పెద్దవై వచ్చుచుండెను. సందు మొత్తము 0.009 అంగుళమే యైనచోట రెండు సహస్రాంశముల పెరుగుదల చిన్నది కాదు. గుండు సగము దూరము దిగి నిలిచిపోయినదన్న ఫిర్యాదులు సీమకు చేరెను. వూలిచ్ ప్రయోగశాలాధిపతి ఎడ్వర్డు బాక్సర్ దీనికి చేసిన చికిత్స సాహసికమైనది: గుండు వ్యాసమును 0.568 నుండి 0.550 అంగుళమునకు తగ్గించి, కొవ్వును తొలగించి తేనెమైనమునే వాడించెను. ఇప్పుడు సందు 0.027, అనగా మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు కొంచెము పైమాట. ఇంత సన్నని గుండు గాళ్లలోనికి ఉబ్బవలెనన్నచో శుద్ధసీసము, గుల్లలో కర్రబిరడా తప్పనిసరి. ఆ బిరడా ముందునకు దూసికొని సీసమును చీల్చినట్లు విప్పును. గురిలో లోపము రాలేదు, కూరుట సులభమయ్యెను. గొట్టముకంటె చాల చిన్నదైన గుండే గొట్టమునకు సరియైన గుండు కాగలదని దీనివలన తేలెను. ఈనాడు గుండు కొలతను గొట్టపు కొలతతో పోల్చి తప్పనెడివారు ఈ సంగతిని మరువరాదు.

తిరుగుబాటు పిమ్మట ప్రభుత్వము దేశీయదళముల చేతికి రైఫిలును ఇచ్చుటకు జంకి, పైకి ఎన్‌ఫీల్డునే పోలియుండి, లోపల గాళ్లు లేక 0.656 అంగుళమునకు తొలిచిన నునుపు తుపాకులను 1858, 1859 నమూనాలుగా తయారుచేయించెను. ఎక్కువ దూరమునకు గురి చూపెడి మెట్ల పలక వానికి లేదు. భారతదేశమున మిగిలియున్న ఎన్‌ఫీల్డులలో ఇట్టివి పెక్కు. పేరునుబట్టి 0.577 అనుకొన్నవాడు కొలిచి చూచినపుడు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ కనిపించుటకు కారణము అరుగుదల కాదు, రాజనీతి.

ఉబ్బుటతో నిమిత్తములేక ఆకారముతోనే గుండును పొసగింపవచ్చునని జోసెఫ్ విట్వర్తు షట్కోణపు గొట్టమును, అట్టిదే యైన గుండును చేసి 1857లో ఇంగ్లండులోని హైతు పరీక్షలలో ఎన్‌ఫీల్డును ఓడించెను. ఖర్చు, మసి రెండును అడ్డుపడి సైన్యము దానిని గ్రహింపలేదు.

1866 నుండి వెనుకవైపున తలుపు అమర్చి స్నైడరుగా మార్చిన ఎన్‌ఫీల్డులకు గుండు మూతినుండి దిగవలసిన పని లేకపోయినది గనుక వ్యాసము మరల 0.573 అంగుళమునకు పెరిగెను. 1871 నాటి మార్టినీ హెన్రీ రైఫిలు పేరున 0.450 అంగుళముది, ఏడు గాళ్లు, 22 అంగుళములకు ఒక చుట్టు. దాని 480 గ్రెయినుల గుండు కాగితము చుట్టినది, పండ్రెండుపాళ్లు సీసమునకు ఒకపాలు తగరము. గాళ్ల అడుగులను కొలిచినచో 0.465 అంగుళమునకు తక్కువ కాదు. ఇచ్చటను పేరు ఒకటి, పని చేయు కొలత వేరొకటి.

పొగలేని మందు వచ్చి, సీసమునకు రాగి లేక నికెలు తొడుగు వచ్చిన తరువాత ఉబ్బు అను వరము తగ్గిపోయెను. గట్టి తొడుగుగల గుండు మినియే గుండువలె ఒదుగదు; అది మొదటనే సరిపడియుండవలెను. మన ఊళ్లలో త్రీ నాట్ త్రీ అని అందరును ఎరిగిన పోలీసు తుపాకి దీనికి ఉదాహరణము. పేరులోని 0.303 గట్ల వ్యాసము. గుండు 0.311, గాళ్ల వ్యాసము 0.314 అంగుళము వరకు, యుద్ధకాలపు గొట్టములలో దానికి మించియు ఉండవచ్చును. 1888 నాటి మెట్‌ఫర్డు గాళ్లు లోతు తక్కువగలవై నల్లమందు మసిని తట్టుకొనుటకు అనుకూలముగ నుండెను. కార్డైటు అను పొగలేని మందు మంట వానిని త్వరగా తినివేయుటచే 1895లో అయిదు లోతైన ఎన్‌ఫీల్డు గాళ్లు వచ్చెను. ఇటలీ కార్కానో రైఫిలు 6.5 మిల్లీమీటరులదే యైనను దాని గుండు 0.268 అంగుళము, ఇతర 6.5 రైఫిళ్లది 0.264, ఈ నాలుగు సహస్రాంశములను గమనింపక ఆ తుపాకిని గురి లేనిదని నిందించినవారు అనేకులు.

జర్మనీ ఉదాహరణము ఇంతకంటె గంభీరమైనది. 1888 కమిషను రైఫిలు గట్ల వ్యాసము 7.90 మిల్లీమీటర్లు, గుండు 8.08. 1896లో గాళ్లను లోతు చేసిరి. 1905 ప్రాంతమున సూదిముక్కు గుండు వచ్చినపుడు దాని వ్యాసము 8.20 మిల్లీమీటర్లు దాటెను. క్రొత్త గుండునకు తగునట్లు సవరించిన పాత రైఫిళ్లపై ఎస్ అక్షరమును ముద్రించిరి. ఆ ముద్ర లేని గొట్టములో క్రొత్త తూటాను పెట్టినచో, అది గదిలో చక్కగా అమరవచ్చును, అమరుటయే ప్రమాదము. ఒత్తిడి హద్దుమీరి గొట్టము పగులును.

కావున పేరును నమ్మక గొట్టమును కొలువవలెను. తుపాకిలో మందు గాని తూటా గాని లేదని నిర్ధారించుకొని, గొట్టమును శుభ్రపరచి పలుచగా నూనె పూసి, గాళ్ల వ్యాసముకంటె కొంచెము పెద్దదైన శుద్ధసీసపు ముద్దను మూతిలో కర్రసుత్తితో దింపి, ఇత్తడికడ్డీతో నెమ్మదిగా త్రోయుదురు. సీసము శుద్ధమైనదా యని చూచుటకు గోరు చాలును; గోటిగీత దిగినచో మెత్తనిది. త్రోయునపుడు చేయి చెప్పెడి సంగతులను అశ్రద్ధ చేయరాదు. మొదట బిగువుగా దిగిన ముద్ద నడుమ హఠాత్తుగా జారినచో అక్కడ తుప్పు తిన్నది, లేదా ఉబ్బినది. మూతి చెంతనే వదులుగా నుండి లోపల బిగిసినచో, కూరెడి కడ్డీ ఏండ్లతరబడి మూతిని ఒరసి వెడల్పు చేసినది. ఎన్‌ఫీల్డులో మరియొక విశేషము కలదు: కాలక్రమమున దాని గాళ్లను మందుగది వద్ద 0.015 అంగుళము లోతుగాను, మూతి వద్దకు వచ్చుసరికి 0.005 మాత్రమేగాను చెక్కుట స్థిరపడెను. కావున మూతినుండి దిగి వచ్చిన ముద్ద చూపునది మూతి కొలతనే కాని మొత్తము గొట్టపు కొలతను కాదు.

బయటికి వచ్చిన ముద్దపై గాళ్లు ఉబ్బెత్తుగా, గట్లు పల్లముగా అచ్చుపడియుండును. గాళ్లు నాలుగో ఆరో యైనచో ఎదురెదురు ఉబ్బెత్తులను మైక్రోమీటరు దవడల నడుమ పట్టి కొలువవచ్చును. మూడు, అయిదు, ఏడు గాళ్లున్నచోట ప్రతి ఉబ్బెత్తునకు ఎదురుగా పల్లమే వచ్చును. అట్లే కొలిచినవాడు అసలుకంటె తక్కువ అంకెను వ్రాసికొని చిన్నగుండును పోతపోయును. దీనికి సులభోపాయము, వేర్వేరు వ్యాసములలో తొలిచిన ఉక్కుపలక. ముద్ద ఏ రంధ్రమున సరిగా దూరునో అదియే గాళ్ల వ్యాసము. మందుగది ఆకారము తెలియవలెనన్నచో సుమారు 70 నుండి 88 డిగ్రీల సెంటీగ్రేడులో కరగెడి బిస్మతు మిశ్రలోహమును పోసి తీయుదురు. అది చల్లారినపుడు కొంచెము ముడుచుకొని, గంటకు తిరిగి అసలు కొలతకు వచ్చును గనుక ఆ గంట ఆగి కొలువవలెను.

కొలత తెలిసిన పిమ్మట గుండు వ్యాసమును గూర్చిన నిర్ణయము తుపాకి రకమునుబట్టి మారును. మూతినుండి నింపెడి గాళ్ల తుపాకికి గట్లకంటె ఒకటి రెండు సహస్రాంశములు చిన్నదైన, గుల్లగల శుద్ధసీసపు గుండు. కాగితము చుట్టినచో ఆ మందమును లెక్కలోనికి తీసికొనవలెను. వెనుకనుండి నింపెడి రైఫిలులో పోతగుండునకు గాళ్లకంటె ఒకటి రెండు సహస్రాంశములు పెద్దది మేలు. చిన్నగుండు వాయువును దాటనిచ్చును. ఆ వేడివాయువు సీసపు ప్రక్కలను కరగించి గొట్టమునకు పూయును, గుండు అడ్డము తిరిగి గురిపలకకు నిలువుగీతవంటి చిల్లు పెట్టును. సీసములో తగరము లేక ఆంటిమొనీ ఎక్కువైనచో సరియైన వ్యాసముగల మినియే గుండు సైతము ఉబ్బక ఇదే దోషమును చూపును. లోహము వ్యాసమంత ముఖ్యమని నా అభిప్రాయము. ఔత్సాహికులు అంకెల వెంట పడి దీనిని చాలవరకు ఉపేక్షించుచున్నారు. ఇట్టి తుపాకిని నిజముగా కాల్చదలచినవారు దానిని నిపుణునిచే పరీక్షింపజేయవలెను. మనదేశమున తుపాకి ఉంచుకొనుటకు 1959 నాటి ఆయుధ చట్టమునుబట్టి లైసెన్సు ఉండవలెను.

హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియము వంటి సంగ్రహాలయములలోను, పాత సంస్థానముల భవనములలోను పూర్వపు ఆయుధములు నేటికిని నిలిచియున్నవి. ఇట్టి తుపాకుల పరిరక్షకులకు ఒక విన్నపము. పరిచయపత్రముపై ఎన్‌ఫీల్డు అని మాత్రమే వ్రాసి ఊరకొనక, మూతి వద్ద ఒక కొలత, జానెడు లోపల మరియొక కొలత తీసి, గాళ్లు ఉన్నవో లేవో, ఉన్నచో ఎన్నియో, గొట్టముపై ఏ అంకె ముద్రితమైయున్నదో వ్రాసి యుంచుడు. 0.577 కనిపించినచో అది తెల్లదళపు రైఫిలు కావచ్చును, 0.656 కనిపించి గాళ్లు లేకున్నచో అది 1857 పిమ్మట మన సిపాయి చేతికి ఇచ్చిన తుపాకి.